మొదటి మెట్టు మీద ఆనందయ్య

ఏ పనైనా సగంలో ఆపి, కాసేపు అలాగే ఉండిపోతే గానీ ఆనందయ్య పూర్తి చేసేవాడు కాదు.

టీ గ్లాసు పెదవుల దాకా తెచ్చి ఆగేవాడు. అది చల్లారి, మీగడ కట్టి, ఒక ఈగ వచ్చి వాలి విసుగెత్తి లేచిపోయాక తాగేవాడు. వాళ్ళ ఊరు చాపాడులో బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి ఆగేవాడు. కండక్టర్లు మొదట్లో అరిచారు, తర్వాత బతిమాలారు, చివరికి ఆయన రెండో కాలును నేల మీదే వదిలేసి విజిల్ ఊదడం నేర్చుకున్నారు. చర్చిలో పెళ్ళినాడు "ఈమెను భార్యగా చేసుకోవడం నీకు సమ్మతమేనా?" అని పాస్టరు అడిగితే నోరు తెరిచి అలా నిలబడిపోయాడట. "ఆయప్ప ఔనని చెప్పేలోపల మా నాయన మంచం, బిందెలు మళ్ళీ ఎద్దులబండికి ఎక్కించినాడు" అని ఆయన భార్య జ్ఞానమ్మ ముప్పై ఏళ్ళ తర్వాత కూడా అందరికీ చెప్పుకునేది.

ఇదంతా వృత్తి అంటించిన జబ్బు. ఆనందయ్య పోలీసు ఆయుధశాలలో తుపాకులు బాగుచేసి రిటైరయ్యాడు. తర్వాత ప్రొద్దుటూరులో లైసెన్సు తీసుకుని చిన్న మరమ్మత్తు అంగడి పెట్టాడు. ఆయన చేయి ట్రిగ్గరు మీద, అందులోనూ రెండు మెట్ల ట్రిగ్గరు మీద, బాగా తిరిగింది. అది ఒక్క లాగుడుతో పేలేది కాదు. వేలు పెట్టి లాగితే కొంతదూరం మెత్తగా వస్తుంది. అక్కడ గోడ తగిలినట్టు ఆగుతుంది. అది మొదటి మెట్టు. ఊపిరి సగం వదిలి, గురి సరిచూసుకుని, ఇంకొంచెం ఒత్తితే రెండో మెట్టు. అప్పుడే పేలుతుంది.

"మొదటి మెట్టు మనిషిది, రెండో మెట్టు తూటాది" అనేవాడు ఆనందయ్య. ఆయన జీవితమంతా మొదటి మెట్టు మీదే కాపురం పెట్టేశాడు.

మాది బంగారు అంగళ్ళ వీధిలో నగల అంగడి. నాకు బంగారం కంటే గురి మీద మోజు. రైఫిల్ క్లబ్బులో మెంబరునై, పోటీలకని ఒక పాయింట్ టూ టూ రైఫిలు కొన్నాను. దాని ట్రిగ్గరు సరిచేయించుకుందామని మొదటిసారి ఆయన అంగడికి వెళ్ళింది తొంభై ఐదులో, పంచాయతీ ఎన్నికలకు ముందు.

మిట్టమధ్యాహ్నం. బయట ఎండ పెళపెళలాడుతోంది. అంగడిలో అడుగుపెట్టగానే వీపు చల్లబడింది. గోడలకు వరసగా తుపాకులు, ఒక్కోదానికి ఒక్కో పేరు రాసిన చీటీ. చీటీలు కదులుతున్నాయి గానీ గాలి మాత్రం లేదు. గోడ గడియారం పదీ పదికి ఆగి ఉంది. టిక్కుటిక్కులు వేలికి అడ్డమొస్తాయని ఆయనే ఆపేశాడని తర్వాత తెలిసింది. మూల కుర్చీలో తెల్లటి బక్క మనిషి, కళ్ళు మూసుకుని, ట్రిగ్గరు మీద వేలు పెట్టి కూర్చున్నాడు. రొమ్ము కదలడం లేదు. భుజం మీద బల్లి.

"సారూ" అన్నాను. పలకలేదు. "సారూ!" అని అరిచాను. బల్లి పారిపోయింది, మనిషి మాత్రం పలకలేదు. నేను వీధిలోకి పరుగెత్తి, పక్కనే కూరగాయలమ్మే పుల్లమ్మతో, "ఆనందయ్య పోయినాడు!" అన్నాను.

ఆమె వంకాయలు తూస్తూ తలైనా ఎత్తలేదు. "యాడికి పోతాడప్పా? ఈ నెల్లో పోవడం ఇది మూడోసారి. మొన్న పాస్టరు ప్రార్థన గూడా మొదలుపెట్న్యాడు. సగంలో ఈయప్ప లేసి 'ఆమేన్' అన్యాడు. పాస్టరుకు ఇంగా జొరం తగ్గలా."

లోపల నుంచి 'టిక్' మని చిన్న చప్పుడు వినపడింది. నేను మళ్ళీ వెళ్ళేసరికి ఆయన కళ్ళు తెరిచి, నన్ను కాకుండా నా చూపుడు వేలును చూశాడు.

"నీది తొందర వేలు. పొద్దున ఎవురితోనో కొట్లాడినావు."

నిజమే, మా నాయనతో. ఎలా తెలిసిందో ఈరోజుకీ తెలియదు.

నా ట్రిగ్గరు కోసం మా అంగట్లోంచి తులం రాళ్ళు తెమ్మన్నాడు. ట్రిగ్గరుకు దారం కట్టి, దానికి రాళ్ళు వేలాడదీసి బరువు చూసేవాడు. పది తులాలకు మొదటి మెట్టు వచ్చి ఆగింది. ఇంకో ఐదు వేస్తే టిక్కుమంది. మర తిప్పి, మళ్ళీ వేలాడదీసి, నాలుగు రోజులు అదే పని. బంగారం తూచినా మేమంత జాగ్రత్తగా తూచలేదు.

తర్వాత తూటా వేయని ఉత్త తుపాకీతో తాలీము. ఆయనకొక షరతు ఉంది. మొదటి మెట్టు దగ్గర ఆగి, ఎదురుగా ఉన్నది ఏదో దాని పేరు గట్టిగా చెప్పాలి.

"కాగితం" అన్నాను.

"అదీ. ఇప్పుడు ఒత్తు."

"పేరెందుకు సారూ?"

ఆయన సమాధానం చెప్పబోయి ఆగాడు. నేను ఇంటికి వెళ్ళి, అన్నం తిని, మర్నాడు వచ్చాక చెప్పాడు. "దేన్ని కొడతాండావో తెలియాల గదప్పా."

కొన్నాళ్ళకు ఊర్లో ఒక మాట పుట్టింది. ఆనందయ్య బాగుచేసిన తుపాకీతో ఇంతవరకూ మనిషి చావలేదని. పోటీల్లో కాగితం మధ్యలో చిల్లు పడుతుంది, పొలాల్లో అడవిపంది పడుతుంది, మనిషి దగ్గరికి వచ్చేసరికి వేలు కొయ్యబారుతుందని. ఆయన గొట్టంలోకి ప్రార్థన ఊదుతాడని కొందరు, ఆయుధశాలలో చచ్చిపోయిన కానిస్టేబులొకడు ఆయన తుపాకుల్లో తిరుగుతాడని కొందరు చెప్పుకున్నారు. నాటుబాంబులకు మెట్లు లేవు కాబట్టి ఊర్లో చావులు మాత్రం ఆగలేదు.

ఆ రోజుల్లోనే తిమ్మారెడ్డి వచ్చాడు. సింహాద్రిపురం పక్క పల్లె, ముప్పై ఏళ్ళవాడు. సర్పంచి పదవికి నిలబడ్డాడు. అతని మీద నిలబడింది వేరే పార్టీ కుళ్ళాయిరెడ్డి. ఆయన తిమ్మారెడ్డికి సొంత మేనమామ, వాళ్ళమ్మ తోడబుట్టినవాడు. పార్టీలు వేరయ్యాక పదేళ్ళుగా రెండిళ్ళ మధ్య పలుకుల్లేవు. పలుకులు పోయాయి, వరసలు పోయాయి, ఇద్దరికీ ఎదుటివాడు ఉత్త 'వాడు' అయిపోయాడు. రెండు పక్కలా కలిపి ఐదుగురు పోయారు.

తిమ్మారెడ్డి తన పాయింట్ త్రీ వన్ ఫైవ్ రైఫిలు బల్ల మీద పెట్టాడు. "ఆనందయ్యా, ఈ మొదటి మెట్టు తీసెయ్. నాకు అంత ఓపిక లేదు. వేలు ఆనిస్తే పేలాల."

"దేనికి రెడ్డీ?"

"పందికి."

ఆనందయ్య ఆ వేలును చాలాసేపు చూశాడు. "వారం దినాలుండి రా" అన్నాడు.

అతను వెళ్ళిన రెండో రోజు కుళ్ళాయిరెడ్డి వచ్చాడు. అరవై ఏళ్ళు, షుగరు జబ్బు, చేతిలో అదే రకం రైఫిలు, నోట అదే కోరిక. ఆయనకూ పందే అడ్డమొచ్చిందట. మేనల్లుడి తుపాకీకి ఎదురుగోడకు మామ తుపాకీ వేలాడింది. ఆ వారం నేను అంగడి నడుమ నిలబడలేదు, గోడ పట్టుకుని నడిచాను.

మూడో రోజు ఆనందయ్య నా తులం రాళ్ళు తిరిగిచ్చేశాడు. ట్రిగ్గర్లను తేలిక చేసే పని మానుకున్నాడనుకుని నాకు ప్రాణం కుదుటపడింది. నేను వాటిని మూటకట్టుకుని తలుపు దాకా వచ్చేసరికి, ఆయన పుల్లమ్మ తక్కెట్లోంచి ఐదు కిలోల రాళ్ళు రెండు ఎత్తుకొస్తూ ఎదురయ్యాడు.

"అదేంది సారూ? ఏనుగుల వేటకా?"

ఆయన ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి ఆగిపోయాడు. సమాధానం కోసం నిలబడే ఓపిక లేక నేను ఇంటికి పోయాను.

వారం తర్వాత తిమ్మారెడ్డి లాగి చూసి, "ఇంత బిగువుగా ఉండాదేంది?" అని గుడ్లురిమాడు.

"కొత్త స్ప్రింగు గదప్పా. ఉత్తదే దినానికి నూరుసార్లు లాగు. మొదటి మెట్టు కాడ ఆగు, ఎదురుంగా ఏముంటే దాని పేరు చెప్పు. అరిగినాక రెండోది దానంతటదే తేలికైతాది. నా మాట వింటే గురి తప్పదు."

కుళ్ళాయిరెడ్డికీ ఇదే మందు, ఇదే మోతాదు. ఇద్దరూ తెలిసినవాడి మాటని నమ్మి, వేరువేరు పూటల్లో వచ్చి, నెలరోజులు అంగడి వెనకాల తాలీము చేశారు. పొద్దున పూట "డబ్బా... సీసా... గోడ..." అని పడుచు గొంతు. సాయంత్రం "డబ్బా... సీసా... గోడ..." అని ముసలి గొంతు. ఎల్‌కేజీ పిల్లల్లా ఉన్నారని నవ్వొచ్చేది. ఆ డబ్బా స్థానంలోకి ఏదో ఒకరోజు మనిషి వస్తాడని గుర్తొస్తే నవ్వు ఆగిపోయేది.

పోలింగుకు మూడు రోజుల ముందు, ఎండ నడినెత్తిన ఉండగా తిమ్మారెడ్డి అంగట్లోకి వచ్చాడు. బట్టల నిండా దుమ్ము. మొహంలో నెత్తురు చుక్క లేదు. రైఫిలు బల్ల మీద పడేసి కుర్చీలో కూలబడ్డాడు. ఆనందయ్య అప్పుడే టీ గ్లాసు పెదవుల దాకా తెచ్చి ఆగి ఉన్నాడు.

"దీంట్లో ఏం పెట్న్యావు?" అన్నాడు తిమ్మారెడ్డి. "నిజం చెప్పు. దయ్యమా, ప్రార్థనా?"

నేనే అడిగాను. "ఏం జరిగిందప్పా?"

"వేముల దావలో వంక ఉండాది గదా. ఈ పొద్దు వాడు చీనీతోటకు ఒంటిగా వస్తాండాడని కబురొచ్చింది. గట్టు కింద పడుకున్యా. ఒక కాకి అర్సలేదు. ఒక ఆకు కదల్లేదు. ఈ అంగడి మాదిరే ఉండాది ఆడంతా. ఎదురుగట్టున తంగేడుచెట్ల కింద తల కనపడింది. చూస్తే వాడు గూడా పడుకోనుండాడు. వాడి తుపాకీ గూడా నా మీదనే ఉండాది."

"ఆఁ?"

"లాగినా. మొదటి మెట్టు కాడ ఆగినా. ఆగల్లని ఆగలేదప్పా, వేలే ఆగిపాయ. నెల దినాలు అట్లనే నేర్పించినాడు గదా ఈయప్ప. ఆగినాక నోరు దానంతటదే తెరుచుకున్యాది. ఎదురుంగా ఉండేదాని పేరు చెప్పల్ల గదా... వాడు అని రాలేదు. కుళ్ళాయిరెడ్డి అని రాలేదు. 'మామా' అని వచ్చినాది."

అంగట్లో చీటీలు గాలి లేకుండా కదిలాయి.

"అదే గడియకు ఆ పక్కనుంచి గూడా ఒక అరుపు వచ్చినాది," అన్నాడు.

"'అల్లుడా' అని."

ఈ మాట అన్నది తిమ్మారెడ్డి కాదు. గుమ్మంలోంచి వచ్చింది. కుళ్ళాయిరెడ్డి చేతిలో రైఫిలుతో నిలబడి ఉన్నాడు. ఆయన మొహంలోనూ నెత్తురు చుక్క లేదు. నేను బల్ల కిందికి సగం దూరి ఆగిపోయాను.

"పదేండ్లాయ ఆ మాట నా నోట్లో పలికి," అన్నాడు కుళ్ళాయిరెడ్డి ఎవరినీ చూడకుండా. "సంకనెత్తుకోని తిప్పినా వీన్ని. పిలిచినాక యాడ కాలుస్తాం? ఎంతసేపు అట్ల పడుకోనుంటిమో దేవునికే తెలుసు. చీమలు కరిచినాయి. అప్పుడు లేసి, ఎవురి దావన వాళ్ళం వచ్చేస్తిమి. ఆనందయ్యా, ఆ తుపాకీలో ఏముండాదో చెప్పు."

ఆనందయ్య నోరు తెరిచాడు. ఆగాడు.

సరిగ్గా అప్పుడు పుల్లమ్మ లోపలికి విసురుగా వచ్చింది. "ఓ ఆనందయ్యా! నా ఐదు కిలోల రాళ్ళు రెండూ యాడ? రెండు దినాలకని ఎత్తుకపోయి నెలాయ. గుమ్మడికాయలు చేత్తో తూచి అమ్ముతాండా!"

అవి ట్రిగ్గర్లకు కట్టే దారాలతో సహా కుర్చీ కిందే ఉన్నాయి. తిమ్మారెడ్డి రాళ్ళను చూశాడు. దారాలను చూశాడు. తన రైఫిల్లోంచి తూటా తీసి, ఒక రాయి తెచ్చి ట్రిగ్గరుకు వేలాడదీశాడు. మొదటి మెట్టు వచ్చింది. అంతే. ఐదు కిలోల రాయి అలా వేలాడుతూనే ఉంది. మామ కూడా తూటా తీసి తుపాకీ చాపితే, దానికి రెండోది కట్టాడు. అదీ అంతే.

"అంటే," అన్నాడు కుళ్ళాయిరెడ్డి నెమ్మదిగా, "ఈ పొద్దు నేను లాగినా..."

"రొండు చేతుల్తో లాగాలప్పా," అన్నాడు ఆనందయ్య. "కాలు గూడా తన్ని పట్టాల."

"అరుగుతాది అంటివే?"

"అరుగుతాది. మీ మనవల కాలానికి."

తిమ్మారెడ్డి లేచాడు. ఆ రెండిళ్ళవాళ్ళను మోసం చేసి బతికినవాడు ఆ చుట్టుపక్కల ఊర్లలో లేడు. అతని కుడిచేయి పైకి లేచింది. ఆనందయ్య కదల్లేదు, గ్లాసు అలాగే పెదవుల దగ్గర పట్టుకున్నాడు. పిచ్చి అనుకుని నేను నవ్వుకున్న ఆ ఆగడమంతా ఎందుకో అప్పుడు తెలిసింది. ఆ ముసలాయన మీద నాకు ప్రేమ పొంగుకొచ్చింది. ఆయన్ని కొడితే అడ్డం పడదామనుకున్నాను గానీ, బల్ల కాలును ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

లేచిన చేయి గాల్లో సగం దూరం వచ్చి ఆగింది.

ఆగి, అక్కడే ఉండిపోయింది. నెలరోజుల తాలీము మరి. తిమ్మారెడ్డి తన చేతిని తానే వింతగా చూసుకున్నాడు. పెదవులు కదిలాయి. ఎదురుగా ఉన్నదాని పేరు వెతుక్కుంటున్నాడని నాకు అర్థమైంది.

"ముసలోడు" అన్నాడు చివరికి.

చేయి కిందికి దిగి, ఆనందయ్య చేతిలోని గ్లాసును లాక్కుంది. ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు.

"థూ, సల్లారిపాయ. మురళప్పా, బల్ల కింద ఏం చేస్తాండావు? లేసి ఇంగో నాలుగు టీలు చెప్పు." గుమ్మం వైపు చూడకుండా, గొంతు తగ్గించి అన్నాడు. "మామకు చక్కెర లేకుండా."

కుళ్ళాయిరెడ్డి రైఫిలు గోడకు ఆనించి, అల్లుడి పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాడు.

పుల్లమ్మ రాళ్ళు విప్పుకోబోతే ఆనందయ్య ఆమె చేయి పట్టుకున్నాడు. మాట మొదలుపెట్టి ఆగాడు. ఈసారి ముగ్గురమూ, రెడ్లిద్దరితో సహా, నోరెత్తకుండా ఎదురుచూశాం. టీలు వచ్చాయి, తాగాం.

"ఉండనీ పుల్లమ్మా," అన్నాడు. "మళ్ళా జెడ్పీ ఓట్లు వస్తాండాయి గదా."