ఎస్తేరునిచ్చి దేవకిని తీసుకున్న సాయంత్రం

1997 జూన్‌లో నన్ను మా సంస్థ కేంద్ర కార్యాలయంలో స్పోర్ట్స్ ఆఫీసరుగా వేశారు. అంతకుముందు పదకొండేళ్ళు ఆ సంస్థ మహిళా బాస్కెట్‌బాల్ జట్టులోనే ఆడాను, మరో నాలుగేళ్ళు స్టోర్స్‌లో గుమాస్తాగా కూర్చున్నాను. ఊరి పేరు చెన్నైగా మారి ఏడాది కావస్తున్నా మా రబ్బరు స్టాంపుల మీద ఇంకా మద్రాసే ఉండేది. నా కిందికి వచ్చినది పన్నెండుమంది జట్టు, ఒక బీరువా, గాలి తగ్గిన ఆరు బంతులు.

ఈ ఉద్యోగం సంగతి తెలియనివారికి రెండు మాటలు చెప్పాలి. ఆ రోజుల్లో బాస్కెట్‌బాల్ ఆడి బతకాలంటే ఉన్న దారి ఒకటే, స్పోర్ట్స్ కోటా. బ్యాంకులు, ఫ్యాక్టరీలు, మావంటి ప్రభుత్వ రంగ సంస్థలు ఆటగత్తెలను ఉద్యోగంలోకి తీసుకునేవి. కాగితం మీద వాళ్ళు జూనియర్ అసిస్టెంట్లు. పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా ప్రాక్టీసు, పదింటికి ఆఫీసు, మూడింటికి మళ్ళీ కోర్టు. జీతం, ఇంక్రిమెంటు అన్నీ ఆటను బట్టే నిలిచేవి. నా లెక్కలో వాళ్ళు అచ్చమైన ప్రొఫెషనల్సే, నియామకపు ఉత్తర్వులో ఆ మాట లేదంతే.

ఒక సంస్థ నుంచి ఇంకో సంస్థకి మారడం మాత్రం దాదాపు జరగని పని. ముందు రాజీనామా చెయ్యాలి, నో అబ్జెక్షన్ సర్టిఫికెట్ తీసుకోవాలి, కొత్తచోట మొదటి మెట్టు నుంచి ఎక్కాలి. పాత సర్వీసంతా నీళ్ళలో పోసినట్టే. పైగా ఇరవై ఎనిమిదేళ్ళు దాటినవాళ్ళను మా పోటీ సంస్థ కొత్తగా తీసుకునేది కాదు. అందువల్ల ఆటగత్తెల మార్పిడి అనేది ఎప్పుడూ జరగదు. జరగదు కాబట్టే దాని గురించి గంటలకొద్దీ మాట్లాడుకునేవాళ్ళం.

మాట్లాడుకునేది నేనూ, లోకనాథం నాయుడుగారూ. ఆయన ఆ పోటీ సంస్థ మహిళా జట్టుకి మేనేజరు, నాకంటే పదేళ్ళు పెద్ద. పురసవాక్కంలో వాళ్ళ నాన్నకి పాత్రల కొట్టు ఉండేది. ఇంటికి కేబుల్ టీవీ వచ్చినప్పటి నుంచి ఆయన తెల్లవారే లేచి అమెరికా ప్రొఫెషనల్ లీగు చూసేవారు. అక్కడ ఒక జట్టు ఒకరినిచ్చి, ఇంకో జట్టు నుంచి ఇంకొకరిని తెచ్చుకుంటుందనీ, ఆడేవాళ్ళను అడగనైనా అడగరనీ తెలిసి ఆయన ముక్కున వేలేసుకున్నారు. అప్పటి నుంచి మా రెండు జట్ల మ్యాచి అయిన ప్రతిసారీ నాకు అదే ప్రశ్న వచ్చేది.

"వసంతమ్మా, ఈరోజు ఎవరినిస్తావు, ఎవరిని తీసుకుంటావు?"

దానికి ఆయన పెట్టిన నియమం ఒకటుంది. ఎవరిని ఇస్తున్నామో వాళ్ళ లోపాలు ఇచ్చేవాళ్ళే చెప్పాలి. వాళ్ళ నాన్న కొట్టులో బిందె అమ్మేటప్పుడు దాన్ని తిప్పి, సొట్ట ఎక్కడుందో ముందు చూపించి ఆ తర్వాతే ధర చెప్పేవారట. సొట్ట చూపించని బేరం బేరం కాదని నాయుడుగారి వాదన. మేమూ అలాగే కాగితం మీద రాసి, కింద సంతకాలు పెట్టుకుని, నవ్వుకుని, టీ తాగి ఇళ్ళకు పోయేవాళ్ళం.

ఆ సంవత్సరం లీగులో మేము వాళ్ళ చేతిలో 58–54తో ఓడిపోయాం. మాకు సరైన పాయింట్ గార్డ్ లేదు. బంతిని వెనక నుంచి తెచ్చి ఎవరికివ్వాలో తేల్చే మనిషిని పాయింట్ గార్డ్ అంటారు. వాళ్ళకి దేవకి ఉంది. ఇరవై ఒక్కేళ్ళ పిల్ల, కాళ్ళకి చక్రాలున్నట్టు తిరిగేది. మాకున్నది ఎస్తేరు. బుట్ట కింద నిలబడి, వచ్చిన బంతిని పట్టి వేసే సెంటర్. రాయపురం అమ్మాయి, ఇరవై తొమ్మిదేళ్ళు, తొమ్మిదేళ్ళ సర్వీసు. హార్బరులో పనిచేసిన తండ్రి పోయాక తల్లికి ఆ పిల్ల ఉద్యోగమే ఆధారం. ఎస్తేరే మా కెప్టెన్ కూడా.

మ్యాచి అయిపోయాక స్కోరు షీటు మీద చివరి సంతకం రిఫరీది. అది పడితేనే ఫలితం ఖాయమైనట్టు. షీటు నాలుగు కాగితాల కట్ట, మధ్యలో కార్బన్లు ఉంటాయి. పైనున్న తెల్లదీ, దాని కింది నీలందీ బాస్కెట్‌బాల్ సంఘానికి, గులాబీది గెలిచిన జట్టుకి, అడుగునున్న పసుపుపచ్చది ఓడిన జట్టుకి. ఆ సాయంత్రం రిఫరీ చొక్కా మార్చుకోవడానికి వెళ్ళాడు, స్కోరరు ఆయన్ని వెతుక్కుంటూ వెళ్ళాడు. బల్ల మీద కట్ట అలాగే ఉంది. నాయుడుగారు జేబులోంచి ఒక తెల్లకాగితం తీసి, అట్టలాగా ఉంటుందని దాన్ని ఆ కట్ట మీదే పెట్టి, నా చేతికి పెన్ను ఇచ్చారు.

అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, ఓడిన కోపమంతా నేను ఎస్తేరు మీద చూపించాను. "ఎడమ మోకాలు అరిగింది. ఎడమకి తిరగలేదు. ఇంకో రెండు సీజన్లు, అంతే. నొప్పి ఉన్నా చెప్పదు. కాదనడం రాదు." నాయుడుగారు దేవకి గురించి రాశారు. "బంతి ఎత్తుగా వేస్తుంది, పొట్టివాళ్ళకి అందదు. వెనక్కి పరిగెత్తదు. తిడితే మూడు రోజులు మాట్లాడదు." ఇద్దరం పావుగంట వాదించుకున్నాం. ఆయనకి మోకాలు నచ్చలేదు, పైన ఇంకెవరినైనా కలిపిస్తావా అన్నారు. నేను ఒప్పుకోలేదు. చివరికి "వసంత ఇచ్చినది: ఎస్తేరు. తీసుకున్నది: దేవకి" అని రాసి ఇద్దరం సంతకం చేశాం. రిఫరీ వచ్చాడు. నాయుడుగారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. స్కోరరు షీట్లు విడదీసి పంచాడు. ఓడిన జట్టు కెప్టెనుగా పసుపుపచ్చది ఎస్తేరు తీసుకుంది.

నాకు చిన్నప్పటి నుంచీ నొక్కి రాసే అలవాటు. బల్ల మీద పరీక్ష రాస్తే బల్లకీ మార్కులు వెయ్యాలని మా అమ్మ అనేది. నాయుడుగారిదీ తేలిక చెయ్యి కాదు. రన్నింగ్ స్కోరు రాసే గళ్ళలో అరవై దాటాక అంతా ఖాళీయే. మా బేరం మొత్తం, సంతకాలతో సహా, కార్బన్ల గుండా దిగి ఆ ఖాళీలో అచ్చుపడింది. కట్టలో పైనున్న తెల్ల షీటు మాత్రం శుభ్రంగా ఉండటంతో ఎవరూ గమనించలేదు.

మర్నాడు పొద్దున నేను కోర్టుకి వచ్చేసరికి ఎస్తేరు అప్పటికే వచ్చి ఉంది. ఒక్కతే బుట్ట కింద నిలబడి ఎడమవైపుకి తిరుగుతోంది. తిరిగి బంతి వెయ్యడం, మళ్ళీ తెచ్చుకోవడం, మళ్ళీ ఎడమవైపుకే తిరగడం. ఆ మర్నాడూ అంతే. ఓటమి పట్టుదల పెంచిందని నేను సంతోషించాను. మిగతా పిల్లలకి ఆమెను చూపించి, చూసి నేర్చుకోండి అని కూడా అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

ఐదో రోజు మధ్యాహ్నం ఆఫీసులో నా బల్ల ముందుకొచ్చి ఒక దరఖాస్తు పెట్టింది. ఉద్యోగానికి రాజీనామా, ఫలానా సంస్థలో చేరడానికి నో అబ్జెక్షన్ ఇప్పించమని విన్నపం. పర్సనెల్ డిపార్ట్‌మెంట్ మేనేజరుకి రాసి, పైన "త్రూ ప్రాపర్ చానల్" అని పెట్టింది. అంటే నేను సంతకం చేసి పంపితేనే పైకి పోతుంది. పోయి ఇన్‌వర్డ్ రిజిస్టరులో నంబరు పడిందంటే వెనక్కి తెచ్చుకోవడం ఎవరి తరమూ కాదు. ఆ ప్రాపర్ చానల్‌ని నా సర్వీసులో ఎన్నిసార్లు తిట్టుకున్నానో. ఆ రోజు మాత్రం దానికి మనసులోనే దణ్ణం పెట్టాను.

ఎందుకని అడిగాను. ఆమె చేతిసంచిలోంచి పసుపుపచ్చ షీటు తీసి దరఖాస్తు పక్కన పెట్టింది. నా చేతిరాత నేను గుర్తుపట్టడానికి ఒక క్షణం పట్టింది.

"మీకు దేవకి కావాలంటే నేను అడ్డం ఎందుకుండాలక్కా? ఉన్న పోస్టులు పన్నెండే కదా. ఆడైనా బాస్కెట్‌బాలే. ఎడమకి తిరిగేది నేర్చుకుని పోదామనుకున్నా, కాలు వినలేదు."

అవతల వయసు దాటినవాళ్ళని తీసుకోరని ఆమెకి తెలియదు. నేను ఆ కాగితం మీద సంతకం చేసి ఉంటే ఈ ఉద్యోగమూ పోయేది, ఆ ఉద్యోగమూ వచ్చేది కాదు. ఇంట్లో తల్లికి ఇంకా చెప్పలేదట. కాదనడం రాదని ఆమె గురించి నేను రాసినది ఎంత నిజమో, ఆ దరఖాస్తు నా కళ్ళముందు పెట్టింది. నాకు ఏడుపొచ్చింది. స్పోర్ట్స్ ఆఫీసరు ఆఫీసులో ఏడవకూడదు కాబట్టి సొరుగు తెరిచి ఏదో వెతికినట్టు నటించాను.

తర్వాత ఉన్నదున్నట్టు చెప్పాను. అది నాయుడుగారూ నేనూ ఆడుకునే ఉత్త ఆట అనీ, అటువంటి మార్పిడి ఈ దేశంలో లేదనీ, ఆమెను ఎవరికీ ఇచ్చే ఉద్దేశం నాకు లేదనీ చెప్పాను. నేను మన్నించమని అడిగాను. తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆ పిల్ల నా మీద గొంతెత్తింది.

"ఉత్త ఆటకైనా నన్నెందుకక్కా ఇచ్చేస్తిరి?"

ఓడిన కోపం అని చెప్పాను. ఆమె రాజీనామా తీసి నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. పోనంటే పోనని చెప్పింది. అప్పుడు పసుపుపచ్చ షీటు నా వైపుకి తిప్పి, నాయుడుగారి రాతమీద వేలు పెట్టింది.

"బంతి ఎత్తుగా వేస్తుందని ఆయనే రాసినాడు కదా. అంత ఎత్తు బంతి పట్టాలంటే పొడుగు మనిషి ఉండాల. ఆ పొడుగు మనిషిని ఇచ్చేసి ఆ పిల్లను తెచ్చుకుంటారా? ఈడికొచ్చి ఎవరికి వేస్తుంది? ఆయనకేమో బుట్ట కింద నేనుంటా, బంతి తెచ్చేవాళ్ళుండరు. ఇద్దరూ ఏం మేనేజర్లు మీరు?"

పావుగంట వాదించి, సంతకాలు పెట్టి, ఇద్దరం చూడని సంగతి అది. లోపాలు రాసుకున్నాం కానీ ఒకరి లోపం ఇంకొకరి ఎత్తుతో ఎలా పూడుతుందో చూడలేదు. ఆ బేరంలో పోయిన మనిషి ఆ కాగితాన్ని ఐదు రోజులు చదివి చూసింది.

ఆ వారమే ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. మూడు నెలలుగా నొప్పి దాచిందట. ఆరు వారాలు కోర్టులో అడుగు పెట్టొద్దన్నాడు. ఎడమవైపు తిరగడం చూసి మురిసిపోయానని చెప్పినప్పుడు ఆయన నన్ను చూసిన చూపు నాకు తగినదే.

నాయుడుగారు తన గులాబీ షీటు ఫైలులో పెట్టేటప్పుడు గానీ చూసుకోలేదు. నవ్వుతూ ఫోన్ చేశారు. నేను జరిగింది చెప్పేసరికి ఆయన గొంతు మారిపోయింది. మర్నాడు పొద్దున మా ప్రాక్టీసుకి వచ్చి, గట్టు మీద కూర్చుని ఉన్న ఎస్తేరు ముందు నిలబడి, "తప్పయిపాయె తల్లీ" అన్నారు. ఆమె లేచి నిలబడి ఆయన్ని ఒకటే అడిగింది, దేవకికి ఆ కాగితం చూపించారా అని. లేదన్నారు. చూపించొద్దు, చిన్నపిల్ల, మూడు రోజులు కాదు ముప్ఫై రోజులు మాట్లాడదు అంది. నాయుడుగారు జేబులోంచి అసలు కాగితం తీసి అక్కడే చింపేశారు. ఆ తర్వాత కూడా మేము టీ తాగేవాళ్ళం, మార్పిడి ఆట మాత్రం మళ్ళీ ఎప్పుడూ ఆడలేదు.

రెండు సీజన్లని రాశాను. ఎస్తేరు మూడు ఆడింది. ఆమె కన్ను ఎటువంటిదో ఆ మధ్యాహ్నమే నాకు తెలిసింది కాబట్టి, ఆట మానేముందే శిక్షకుల కోర్సుకి పేరు పంపాను. నేను రిటైరయ్యే రోజున నా కుర్చీ ఆమెకే అప్పగించాను.

ఈ సంఘటన వల్ల నేను నేర్చుకున్నది చెప్పాలి. ఒక మనిషి లోపం మొదట వినవలసినది ఆ మనిషే. సొట్ట చూపించడం నిజాయితీయే, కానీ బిందెకి చెవులుండవు, మనిషికి ఉంటాయి. ఆ తర్వాత నా సర్వీసంతా ఏ ఆటగత్తె మీద నివేదిక రాసినా ఆమెను పక్కన కూర్చోబెట్టుకునే రాశాను. కార్బన్లు మాత్రం ముందే తీసి పక్కన పెట్టేదాన్ని.

చార్జి అప్పగించే కాగితాల మీద సంతకాలయ్యాక ఎస్తేరు నన్ను తన పక్కన కూర్చోబెట్టుకుని, ఒక తెల్లకాగితం తీసి నా లోపాలు రాసింది. "కోపం వస్తే నొక్కి రాస్తుంది. ఓటమి తట్టుకోలేదు. ఏడుపొస్తే సొరుగు తెరుస్తుంది." చదివి, కాదనలేక, కింద సంతకం చేశాను. ఆ కిందనే "ఇచ్చినది" అని ఒక గడి గీసి ఉంది. అందులో నా పేరు ఉంటుందనుకుని చూశాను. "ఇచ్చేది లేదు" అని ఉంది.