గడ్డి కుందేలు, పేడనీళ్ళు

"పిల్లను వేటకు తీసుకెళ్తావా?" అని మా అన్నయ్య అడిగినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఖమ్మంలో మా అబ్బాది మటన్ కొట్టు. పొద్దున్నే వేలాడదీసిన మేకల పక్కనుంచే ఇద్దరం బడికి వెళ్ళి పెరిగాం. ఇప్పుడు అన్నయ్య బిర్యానీ కలుపుకుంటూ నాకు జీవహింస గురించి చెబుతున్నాడు. నా పదేళ్ళ కూతురు సానియా అప్పటికే సంచి సర్దేసుకుంది. పినపాక వైపు అడవి అంచు గూడెంలో ఉండే భీమె అనే అమ్మాయితో దానికి స్నేహం. ఇద్దరూ విలువిద్య పోటీల్లో కలిశారు. తొలకరికి ముందు విత్తనాల పండుగకు ఆ కోయ గూడెంలో మగవాళ్ళు, మగపిల్లలు విల్లంబులతో వేటకు వెళ్తారు. ఈసారి తానూ వెళ్తానని భీమె పట్టుబట్టింది. వాళ్ళ నాయనమ్మ వద్దంది. "మీరొస్తే నాకు ధైర్యం ఆంటీ" అని భీమె నాకు ఫోన్ చేసింది. ఇక ఆగుతామా?

తెల్లవారుజామున ఖమ్మం బస్టాండులో మణుగూరు బస్సు ఎక్కాం. కొత్తగూడెం మీదుగా దాదాపు నాలుగు గంటల ప్రయాణం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్ డబ్బులు లేవు గానీ, సీటు కావాలంటే కాస్త ముందే వెళ్ళి నిలబడాలి. మణుగూరులో ఇడ్లీ తిని ఆటో మాట్లాడుకున్నాం. లోపలి రోడ్డు కాబట్టి మూడు వందలు కిరాయి అన్నాడు, ఇచ్చాం.

"కుందేలు కూర తినొచ్చని పోతున్నరా అమ్మా? ఏం దొరకది. కొడితే కేసు" అన్నాడు డ్రైవర్.

"తినడానికి కాదు బాబూ. ఆడపిల్ల వేటకు పోతోందట, చూడ్డానికి."

"గా గూడెంల ఆడపిల్ల వేటకా? లచ్చమ్మ ఉండంగ కాదు" అని తేల్చేశాడు. ఆ మాటతో నాకు ఇంకాస్త పట్టుదల వచ్చింది.

ఆ లచ్చమ్మే భీమె నాయనమ్మ. మేం వెళ్ళేసరికి వాకిట్లో కూర్చుని పెద్ద బానలో పేడ కలుపుతోంది. వేటనుంచి ఉత్త చేతులతో వచ్చిన మగవాళ్ళ మీద ఆడవాళ్ళు పేడనీళ్ళు పోయడం అక్కడి ఆనవాయితీ. కుందేలును కొట్టడం నేరమయ్యాక ఏటా ఉత్త చేతులే, ఏటా పేడనీళ్ళే. అయినా వేట ఆపలేదు, నీళ్ళు కలపడమూ ఆపలేదు.

"పోసుడు మా పని, పోయించుకునుడు మొగోళ్ళ పని. ఇది ఏ దిక్కు నిలబడ్తదో తేల్చుకోమను" అంది లచ్చమ్మ, మనవరాలి వైపు చూడకుండానే. భీమె చూరుకు వేలాడుతున్న విల్లు తీసుకుని తాత జోగయ్య వెనక నడిచింది.

గుట్ట మీద నలుగురు మగపిల్లలు, భీమె, సానియా. బాణాలకు ఇనుప మొన లేదు, చివర చెక్క మొద్దు ఉందంతే. జోగయ్య గడ్డిని బిగించి ఉండలా చుట్టాడు. అదే కుందేలు.

"కుందేలుకు ఎనక కాళ్ళు పొడుగు. గుట్ట ఎక్కేటప్పుడు దాన్ని అందుకోలేం. దిగేటప్పుడు తడబడ్తది. గందుకే మనం పైన ఉండాలె" అని ఉండను కిందికి దొర్లించాడు. భీమె బాణం దాని వెనక నేలకు కొట్టుకుంది. "ఉన్న కాడికి కాదు బిడ్డా, పోయే కాడికి కొట్టు." మళ్ళీ తప్పింది. ఒక పిల్లాడు నవ్వాడు. వేళ్ళు ఎర్రబడి తోలు లేచినా భీమె విల్లు దించలేదు. ఎండ నెత్తికెక్కాక బాణం తగిలి ఉండ ఎగిరి పక్కకు పడింది. నవ్విన పిల్లాడే పరుగెత్తి దాన్ని తెచ్చి ఇచ్చాడు.

"మరి నిజం కుందేలు వస్తే?" అని అడిగాను.

"చూస్తం. కొడితే కేసు, కొట్టం. నేర్పుడు మాత్రం ఆపం. చెయ్యి మర్చిపోయినంక మళ్ళ ఎవలు నేర్పుతరు?" అన్నాడు జోగయ్య.

పొద్దు వాలుతుండగా నిజంగానే వచ్చింది. పొద దాటి, చెవులు నిక్కించి కూర్చుంది. భీమె నారి చెవిదాకా లాగి అలాగే నిలిపింది. బాణం వదల్లేదు. జోగయ్య నాలుకతో చప్పుడు చేయగానే కుందేలు గెంతి పారిపోయింది. పిల్లలకు హింస నేర్పుతున్నారని కింద కామెంట్ పెట్టబోయేవాళ్ళకు ఒక మాట: లాగిన నారిని ఆపి ఉంచడం మీ పిల్లలకు ఎవరైనా నేర్పారా?

గూడెం మొదట్లో ఆడవాళ్ళు చెంబులతో సిద్ధంగా ఉన్నారు. జోగయ్య తల వంచి ముందు నిలబడ్డాడు, లచ్చమ్మ పోసింది. వరుసగా మగపిల్లల మీదా పడ్డాయి. భీమె వంతు వచ్చేసరికి లచ్చమ్మ చెంబు దాని తల దాటించి పక్కవాడి మీద కుమ్మరించింది. ఆడవాళ్ళు గొల్లున నవ్వారు.

"ఇగ ఇటు రా, మా దిక్కు నిలబడు" అంది లచ్చమ్మ.

భీమె కదల్లేదు. "నా మీద పొయ్యలే."

"ఆడపిల్ల మీద పొయ్యం."

"నేను గూడ ఉత్త చేతులతోనే వచ్చిన. పొయ్యి."

నవ్వులు ఆగిపోయాయి. లచ్చమ్మ మనవరాలినే చూస్తూ, "పోస్తే మళ్ళ ఇటు దిక్కు రానియ్యం. తెల్సా?" అంది.

"రాను."

చెంబు పక్కన పెట్టి, లచ్చమ్మ రెండు చేతులా బానే ఎత్తింది. మొత్తం పోసేసింది. ఆ నీళ్ళు ఇంకా కారుతుండగానే సానియా వెళ్ళి భీమె పక్కన నిలబడింది. లచ్చమ్మ నా వైపు చూసింది. "పొయ్యండి, ఇంకో బాన కలపండి" అన్నాను.

మా కొట్టులో అన్నయ్యకు పదేళ్ళకే కత్తి చేతికిచ్చారు. నన్ను మాత్రం ఆడపిల్లవని లోపలికి పంపారు. అది ప్రేమ అని ఇన్నాళ్ళూ సర్దిచెప్పుకున్నాను. భీమె తల మీదుగా ఆ చెంబు దాటిపోయినప్పుడు నాకు వచ్చిన కోపం ఇంకా దిగలేదు, దిగాలని కూడా లేదు. ఇంటికి చేరగానే అన్నయ్య ముక్కు మూసుకుని ఇదేం వాసన అన్నాడు. "వేటకెళ్ళాను మామూ" అంది సానియా, తల ఎత్తి.

వెళ్ళాలనుకునేవాళ్ళు గూడెం వాళ్ళు పిలిస్తేనే వెళ్ళండి, ఇంకో జత బట్టలు తీసుకెళ్ళండి. కూతురు వెంట ఉంటే దానికీ ఒక జత పెట్టండి. పొడిగా తిరిగి రావడానికి అది ఒప్పుకోకపోవచ్చు.