దండ్రి అనే మాట లేదు

మా తెలుగు టీచర్ పోయారని సోమవారం పొద్దున్న చెల్లె ఫోన్ చేసింది. బస్సెక్కి గోదావరిఖని చేరేదాకా నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. అది ఇంకా తగ్గలేదు, అందుకే రాస్తున్నాను.

ఆవిడ మంథని మనిషి. మా కాలనీ పక్కనే అద్దెకుండి ప్రైవేటు బడిలో చెప్పేవారు. మాలో సగం మందిమి బొగ్గుబాయి కార్మికుల పిల్లలం. వ్యాకరణమంటే హడల్. టీచర్ మాత్రం సమాసాలను ఇంటి మనుషుల గురించి చెప్పినట్టే చెప్పేవారు.

"రెండు మాటలు కలిసి కాపురం జేస్తే ఒకటి జర మెత్తబడతది. తల్లి పక్కన తండ్రి గట్లనే దండ్రి అయిండు. విడగొట్టినప్పుడు మాత్రం ఎవరి అక్షరం వాళ్లకు ఇచ్చెయ్యాలె."

పదో తరగతిలో బడివాళ్లు పెట్టిన పరీక్షలో 'తల్లిదండ్రులు' విడదీయమన్నారు. నేను 'తల్లి + తండ్రి' అని రాశాను. ప్రిన్సిపాల్ అచ్చేయించిన గైడులో 'తల్లి + దండ్రి' అని ఉంది. టీచర్ నాకు మార్కు వేశారు, గైడు చూసి రాసినవాళ్లకు వేయలేదు. ఆ మధ్యాహ్నం ప్రిన్సిపాల్ క్లాసులోకే వచ్చాడు.

"గైడు తప్పన్నరట. తప్పు మీదేనని పిల్లలకు చెప్పుండ్రి."

"దిద్దుకుంటే అయిపాయె సార్. దండ్రి అనే మాట తెలుగుల లేదు."

"ఉందో లేదో నేను జెప్త."

టీచర్ మావైపు తిరిగారు. "మీరు జెప్పుండ్రి. దండ్రి అంటే ఏంది?"

అందరికీ తెలుసు. ఒక్కరమూ నోరు విప్పలేదు. నేను బెంచీ మీది గీతలు చూస్తూ కూర్చున్నాను. ఆవిడ సుద్దముక్క బల్ల మీద పెట్టి బయటికి నడిచారు. మర్నాటి నుంచి రావద్దన్నారట. కొత్త సార్ దిద్దుకోమంటే 'త' కొట్టేసి 'ద' రాసింది నేనే, నా చేత్తోనే.

వారం తర్వాత టీచర్ ఇంటికి వెళ్లాను. "భయపడ్డవా? నాకు గూడ భయమైంది బిడ్డా. అయినా చెప్పిన" అన్నారు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మళ్లీ ఏ బడీ ఆవిడను పిలవలేదు.

సంతాప సభలో ఆ ప్రిన్సిపాలే మైకు పట్టుకున్నాడు. "మా బడికి పేరు తెచ్చిన మేడమ్" అన్నాడు. నేను లేచాను.

"మీరే వెళ్లగొట్టిన్రు సార్. తప్పు జూపెట్టినందుకు."

"పోయినోళ్ల కాడ గవన్ని ఎందుకమ్మా?"

"ఉన్నప్పుడు మీరు విన్నరా?"

ఎవరో మైకు ఆపేశారు. మైకు లేకుండానే మిగతాదంతా చెప్పాను, పరీక్ష, గైడు, నా పిరికితనం. అతను లేచి వెళ్లిపోయాడు. తప్పయిందన్న మాట అతని నోట రాలేదు. నాకూ చల్లారలేదు. ఇరవై ఏళ్ల కింద చెప్పాల్సిన మాట ఆవిడ వినలేనప్పుడు చెప్పాను.

బయట ఫ్లెక్సీ ముందు కాలనీ ఊడ్చే అక్క నిలబడి ఉంది. రోజూ డ్యూటీ దిగి టీచర్ దగ్గర అక్షరాలు నేర్చుకున్న మనిషి. 'శ్రద్ధాంజలి' వెనక సగం మీద అరచెయ్యి పెట్టి, "శ్రద్ధా" అని మెల్లగా చదివింది. చెయ్యి జరిపింది. మిగిలిన సగానికి దాని అక్షరం ఇచ్చెయ్యడానికి ఆమె పెదాలు కదులుతున్నాయి.