అక్క గోర్లల్ల ఎర్రమన్ను

నా చిన్నతనంల, ఐదో తరగతిలున్నప్పుడు, మా బడి పిల్లలందర్ని జహీరాబాద్ నుంచి బస్సుల పట్నంల ఒక మ్యూజియంకు తీస్కపోయిన్రు. మన దేశంల ఎక్కడ ఇండ్లు, గుళ్లు ఎట్ల కట్టుకున్నరో చూపెట్టే మ్యూజియం అది. చిన్నపిల్లలను చూసుకోనీకి మా పక్కింటి అక్క కూడ వచ్చింది. అసలు ఆమె లేకుంటే నేను పోయేదాన్నే కాదు. ఆ పొద్దున అమ్మకు జ్వరం, ఇల్లు అలికే పని నా మీద పడ్డది. నువ్వు జడేసుకో పో అని నన్ను పంపి, ఎర్రమన్ను, ఆవుపెండ కలిపి మా ఇల్లంత అక్కనే అలికింది.

మ్యూజియంల కోటలు, గుళ్లు, రాజుల మేడలు అద్దాల పెట్టెలల్ల ముద్దుగున్నయ్. ఆఖరుకు వెనుక వాకిట్ల మా దిక్కు మట్టిల్లొకటి నిలబెట్టిన్రు. దగ్గరికి పోతే సిమెంటు గోడ, మీద మట్టిరంగు. మూలమూలకు పాన్ నమిలి ఉమ్మిన మరకలు. రోతొచ్చి రెండడుగులు వెనుకకు జరిగిన.

నా దోస్తు స్లాబు ఇంటి పిల్ల. ముక్కు మూస్కోని, "గీ పెండ ఇండ్లల్ల మనుషులెట్లుంటరే?" అన్నది. మాదీ గసొంటి ఇల్లేనని ఆమెకు తెల్వదు. తెలిస్తే బడిల నా పక్కన కూసోదని నా భయం. "ఛీ, నాకైతే కక్కొస్తది" అన్న. అక్క పక్కనే ఉన్నది.

అంతల దోస్తు కండ్లు అక్క గోర్ల మీద పడ్డయ్. పొద్దటి ఎర్రమన్ను ఇంక పోలే. ఏందక్కా అది అని అడిగింది. అక్క నా దిక్కు ఒక్కసారి చూసింది.

"మా ఇల్లు అలికొచ్చిన బిడ్డా."

"మీ దోస్తు ఇల్లు" అనలే.

పగటి తిండికాడ అక్క తాను చేసి తెచ్చిన జొన్నరొట్టె పంచింది. దోస్తు ఆ చేతులను చూసి వద్దన్నది. నేను అప్పటికే చెయ్యి చాపిన. దోస్తు నన్నే చూస్తున్నది. చెయ్యి వెనుకకు తీసుకోని, ఆకలి లేదన్న. అక్క నా రొట్టె బట్టల చుట్టి పక్కకు పెట్టింది.

ఇంటికొచ్చినంక మా గడపకాడ ఆ రొట్టె నా చేతుల పెట్టి, "పొద్దటి సంది ఏం తినలే, తిను" అని పోయింది. గడప మీదనే కూసోని తిన్న. ఉమ్మిన గోడను చూసినప్పటి కంటె ఎక్కువ రోత నా మీద నాకే పుట్టింది.

ఇన్నేండ్లాయె, ఆ రోత పోలే. పోవద్దనే అనుకుంట. ఇప్పుడు ఎవరేం పెట్టినా, పక్కన ఎవరున్నరని చూడకుండ ముందుగాల చెయ్యి చాపుత. అక్క ముందట వెనుకకు తీసుకున్న చెయ్యి ఇదే.