నా పేరు చెప్పిన ఎదురింటి అక్క

మా ఎదురింటి అక్క చనిపోయింది. దవాఖాన నుంచి బావ ఫోన్ చేసినప్పుడు నేను పనిలో ఉన్నాను. "మీ అక్క ఇగ లేదమ్మా" అన్నాడు. తెరిచి ఉన్న ల్యాప్‌టాప్ ముందు చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

అక్కది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని. బావకు డోర్నకల్‌లో రైల్వే ఉద్యోగం రావడంతో హైదరాబాద్ వదిలి, ఆయన రోజూ రైల్లో వెళ్లొచ్చేలా మా వరంగల్ వచ్చేసింది. అప్పటి నుంచి ఏ కంపెనీలోనూ పర్మినెంట్‌గా చేయలేదు. ఉద్యోగులు తమ వివరాలు పెట్టుకునే సైట్లలో రిక్రూటర్లతో పరిచయం చేసుకుని, ఒక కాంట్రాక్టు ముగిసేలోపే మరొకటి చూసుకునేది. పొద్దున పూట డాబా మీద బట్టలు ఆరేస్తూ, చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వాళ్లతో మాట్లాడేది. అక్క వాళ్లు మా గల్లీకి వచ్చిన కొత్తలో మా అమ్మ, "పాపం, మంచి పిల్ల, ఒక్కతే మాట్లాడుకుంటది" అని జాలిపడేది.

నాదీ టెస్టింగ్ పనే. నాన్నకు పక్షవాతం వచ్చినప్పుడు ఉద్యోగం మానేసి ఇంటికొచ్చాను. ఆయన పోయాక మళ్లీ పని వెతుక్కోవడం మొదలుపెడితే, మధ్యలో ఖాళీగా ఉన్న ఆ ఏళ్లే అడ్డమయ్యాయి. ఆ కాలానికి 'ఫ్రీలాన్సింగ్' అని రాద్దామనుకుని, ముందు ప్రొఫైల్ తీసుకెళ్లి అక్కకు చూపించాను. ఆమె కళ్లద్దాలు సర్దుకుని మొత్తం చదివింది.

"ఇది నువ్వేనా చెల్లె? ఎవలిదో లెక్కున్నది."

"అందరూ గిట్లనే రాస్తాన్రక్కా."

"అందుకే ఎవలూ యాదికుండరు. మీ నాయనను చూస్కున్ననని రాయి. దాచే ముచ్చటా అది?"

అలాగే రాశాను. వారాలు గడిచాయి. ఒక్క ఫోనూ రాలేదు. ఇంట్లో తమ్ముడి మరమగ్గాలు పొద్దంతా ఆడుతుంటే, ఆ చప్పుడులో ఫోన్ మోగినా వినబడదేమోనని చేతిలోనే పట్టుకుని తిరిగేదాన్ని. ఇక ఓపిక పట్టలేక ఒకరోజు ఆమె మీదికే వెళ్లాను.

"నీ మాట విని రాసిన. ఎవలూ పిలుస్తలేరు."

అక్క తనను తాను సమర్థించుకోలేదు. స్టవ్ మీద చాయ్ పెట్టి, నా వైపు చూడకుండానే అన్నది. "నేను జెప్పింది తప్పే కావచ్చు. ఒక పారి నేను గూడ లేని అనుభవాన్ని ఉన్నదని రాసి పనిల చేరిన. ఎవలు ఏం అడిగినా గుండె దడదడ కొట్టుకునేది. ఆ కాంట్రాక్టు నడుమలనే ఇడిసిపెట్టిన. ఇంకొన్ని దినాలు జర చూడు. ఫికర్ జెయ్యకు."

అక్కలో ఒక అలవాటు చూసేదాన్ని. కాంట్రాక్టు వద్దనుకుంటే ఊరుకునేది కాదు. రిక్రూటర్‌కు తనే ఫోన్ చేసి వద్దని చెప్పేది. "ఆ పిలగాడు నా పేరు జెప్పి ఎవలికో మాటిచ్చి ఉంటడు. ఎదురుచూడనియ్యద్దు" అనేది. పండగ పూట శుభాకాంక్షలు పంపడం కంటే ఆ ఫోన్లే ఆమెను వాళ్లకు గుర్తుండేలా చేశాయని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

నేను ఆమె మీదికి వెళ్లిన కొద్ది రోజులకే ఒక రిక్రూటర్ నుంచి నాకు మొదటి ఫోన్ వచ్చింది. మగ్గాల చప్పుడు లేకుండా ఉంటుందని ఇంటర్వ్యూకు అక్క వాళ్ల గదిలో కూర్చున్నాను. తలుపు దగ్గరికి వేసి ఆమె బయట మెట్ల మీద కూర్చుంది. ఆ ఖాళీ సంగతి అడిగారు. నాన్నను చూసుకున్నానని చెప్పాను. అవతలి మనిషి "సరే" అని తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయాడు. అన్నాళ్లు నేను భయపడిన ప్రశ్న ఆ ఒక్క 'సరే'తో అయిపోయింది. బయటికొచ్చి చెబితే అక్క నవ్వి, మెట్టు మీద చేయి ఆనించి మెల్లగా లేచింది. మోకాళ్ల నొప్పులనుకున్నాను.

ఆమెకు క్యాన్సర్ అని గల్లీలో తెలిసేసరికి నా మొదటి కాంట్రాక్టు సగానికి వచ్చింది. చివరి రోజుల్లో కూడా చూడ్డానికి వెళితే జబ్బు గురించి మాట్లాడనిచ్చేది కాదు. "కాంట్రాక్టు అయిపోవస్తాందా? ఇప్పట్నుంచే నలుగురికి జెప్పి పెట్టు" అనేది.

కర్మ అయిన మర్నాడు వాళ్లింటికి వెళ్లాను. బావ కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. అంతలో అక్క ఫోన్ మోగింది. ఆయన నా వైపు చూశాడు. నేనే ఎత్తాను.

"మేడమ్, బాగున్నారా? కొత్త ప్రాజెక్ట్ ఒకటి ఉంది, ఇప్పుడు చేయగలరేమో అడుగుదామని..."

గొంతు గుర్తుపట్టాను. నాకు మొదటి పని ఇప్పించిన రిక్రూటరే. ఎవరు మాట్లాడుతున్నానో చెప్పి, అక్క లేదని చెప్పాను.

"మీ పనికి కూడా ముందు మేడమ్‌నే అడిగానండీ. 'ట్రీట్‌మెంట్ మొదలవుతోంది, నేను చేయలేను, మా ఎదురింటి అమ్మాయి ఉంది, అబద్ధం చెప్పదు, చూడండి' అన్నారు. మీకు చెప్పలేదా?"

లేదన్నాను. ఆయన ఫోన్ పెట్టేయలేదు, నేనూ పెట్టేయలేదు. అటువైపు రోడ్డు మీది హారన్లు వినబడుతూనే ఉన్నాయి.

చివరికి ఫోన్ పెట్టేశాక, "ఎవలు?" అని అడిగాడు బావ.

"అక్కకు పనున్నదని..." అన్నాను.

ఆయన ఫోన్ అందుకున్నాడు. దాని అద్దం మీది మరకను చొక్కా అంచుతో తుడిచి, "ఛార్జింగ్ తక్కువున్నది" అంటూ లేచి వెళ్లి, గోడకున్న ఛార్జర్ వైరుకు జాగ్రత్తగా తగిలించాడు.