నీళ్లున్నాయ్ తాతయ్యా

నా చిన్నప్పుడు ఆరో తరగతి రెండేళ్లు చదివాను. ఒక్క ఏడాదిలో చదివి పారేసేంత చిన్న తరగతి కాదది. మూడో ఏడు కూడా చదవమన్నారు గానీ, వెనకాల వచ్చే పిల్లలకీ బెంచీ మీద చోటుండాలి కదా అని నేనే తప్పుకున్నాను. బడిలో ఏం నేర్చుకున్నావంటే ఈరోజుకీ తల గోక్కుంటాను. ఆ వేసవిలో ఒక వ్యాన్ బానెట్ ముందు నేర్చుకున్నది మాత్రం నన్ను వదల్లేదు.

మాది రాయపూర్‌లో గుఢియారీ. మా తాతయ్య శ్రీకాకుళం నుంచి వచ్చి రైల్వే ఇంజన్లు బాగుచేసే షెడ్డులో చేరి, అక్కడే రిటైరయ్యాడు. మా చిన్నాన్నకి ఒక పాత వ్యాన్ ఉండేది. ఉర్లాలో ఒక వెల్డింగ్ షాపులో దానికి లోపల రెండు పడకలు, గ్యాసుపొయ్యికి ఒక అర, నీళ్ల డ్రమ్ము పెట్టించి, పూరీకీ అమర్‌కంటక్‌కీ వెళ్లే కుటుంబాలకి అద్దెకి తిప్పేవాడు. అద్దెకెళ్లని రోజు అందులోనే మధ్యాహ్నం కునుకు తీసేవాడు.

ఆ ఏడాది నానమ్మ తుంటి ఎముక విరిగింది. అది అతుక్కోకముందే, శ్రీకాకుళంలో ఉన్న ఆమె చెల్లెలికి జబ్బు ముదిరిందని కబురొచ్చింది. అక్కను చూడాలని ఒకటే కలవరిస్తోందట. నానమ్మ రైల్లో కూర్చోలేదు. పడక ఉన్న వ్యాన్ ఒక్కటే దారి.

దారంతా కొండలు. ఆ ఇంజన్‌కేమో వేడెక్కే గుణం ఉంది. అందుకని బయల్దేరే ముందురోజు తాతయ్య దానికి ఒక కాపలా పెడతానన్నాడు. ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్ డబ్బాలో నీళ్లు తగ్గితే డ్యాష్‌బోర్డు మీద ఎర్ర బల్బు వెలిగి, బజర్ అరవాలి. వేడి చూపించే ముల్లు ఉండగా ఇదెందుకని చిన్నాన్న విసుక్కున్నాడు. ఆ ముల్లుకి కబురందించే ముక్క ఇంజన్ నీళ్లలో మునిగి ఉన్నంతసేపే నిజం చెబుతుందని, నీళ్లు పోయాక ఉత్తగాలిలో కూర్చుని అంతా బాగుందంటుందని తాతయ్య అన్నాడు. షెడ్డులో ఆయన ఇంజన్లకి ఇలాంటి కాపలా ఉండేదట.

డబ్బాకి కన్నం వేసి, రబ్బరు వాషర్‌తో సెన్సార్ బిగించాడు. లోపల తేలే చిన్న బెండు నీళ్లతోపాటు దిగితే కరెంటు కలుస్తుంది. వైరును డ్యాష్‌బోర్డు దాకా లాగాడు. బల్బూ బజరూ బతికున్నాయో లేదో చూసుకోవడానికి పక్కనే ఒక నొక్కుడు బటన్ పెట్టాడు. నా పని స్పానర్లు అందించడం, మధ్యమధ్య జోకులెయ్యడం. రెండోది నన్నెవరూ అడగలేదు.

కీ తిప్పగానే, డబ్బా ఖాళీగా ఉంది కాబట్టి, బజర్ అందుకుంది. తాతయ్య నీళ్ల బిందె కోసం లోపలికి వెళ్లాడు. దాని గొంతు భరించలేక వీధికుక్క కూడా శృతి కలిపింది. నేను డబ్బా కింద ఉన్న వైరు క్లిప్పును పీకేశాను. ఇద్దరూ నోరు మూసుకున్నారు.

తాతయ్య వచ్చేలోపు తిరిగి పెట్టేద్దామనుకున్నాను గానీ, వంగేలోపే బిందె వచ్చేసింది. ఆయన నీళ్లు పోసి గీత దాకా నింపి చెవి ఒగ్గాడు. "సూసినావా, నీళ్లు నిండగానే ఎలాగ నోరు మూసుకున్నాదో!" అని నా వీపు తట్టాడు. ఆ ముఖంలో ఆనందం చూశాక క్లిప్పు సంగతి చెప్పబుద్ధి కాలేదు. పొద్దున్నే పెట్టేద్దాంలే అనుకున్నాను.

తాతయ్యకి షెడ్డులోనుంచి ఇంటిదాకా వచ్చిన ఒక పద్ధతి ఉంది. ఇంజన్ దగ్గర నిలబడ్డవాడు కళ్లతో చూసి గట్టిగా చెప్పాలి. లోపలున్నవాడు అదే మాట తిరిగి గట్టిగా అనాలి. ఆ తరవాతే కీ తిప్పాలి. చెప్పినవాడి మాట మీద అనుమానంతో దిగి చూడటం ఉండదు. అలా చూస్తే ఇక వాడు చెప్పడమెందుకని ఆయన లెక్క.

తెల్లవారుతుండగా నానమ్మను పడక మీదికి ఎక్కించారు. చిన్నాన్న స్టీరింగ్ ముందు, పక్కన తాతయ్య. నన్ను బానెట్ దగ్గర నిలబెట్టారు. తాతయ్య బటన్ నొక్కాడు. బజర్ కూసింది.

"నీళ్లు?"

అన్నం ఉడికిందా అని మూత తీసి వేసినట్టు, నేను బానెట్ ఎత్తి దించేశాను. నా కళ్లు నానమ్మ పక్కనున్న పూరీల డబ్బా మీద ఉన్నాయి; క్లిప్పు సంగతే గుర్తులేదు. "నీళ్లున్నాయ్ తాతయ్యా! కావాలంటే ఈత కొట్టొచ్చు!"

"నీళ్లున్నాయ్," అన్నాడు తాతయ్య. చిన్నాన్న కీ తిప్పాడు.

కొత్త వాషర్ దగ్గర రాత్రంతా నీరు కారిందని, ఆ డబ్బాను ఒక్కసారి చూసినా తెలిసేది. దారిలో ఇంజన్ వేడెక్కినకొద్దీ కారడం ఎక్కువైంది. మధ్యాహ్నం ఒడిశా కొండల్లో ఒక ఎత్తు ఎక్కుతూ బండి మూలిగి ఆగిపోయింది. బానెట్ సందుల్లోంచి పొగ.

"అరే, ముల్లు సగం కూడా దాటలేదు నాన్నా! దేఖో!" అని చిన్నాన్న అరిచాడు.

తాతయ్య దిగి, చేతికి గుడ్డ చుట్టుకుని బానెట్ ఎత్తాడు. నేను పక్కనే ఉన్నాను. డబ్బాలో చుక్క లేదు. ఆయన చెయ్యి డబ్బా కిందికి వెళ్లి, వేలాడుతున్న క్లిప్పు దగ్గర ఆగింది. ఆయన నా వైపు చూశాడు. కోపంగా చూసినా బాగుండేది. రెండు వేళ్లతో ఆ క్లిప్పును దాని చోట్లో పెట్టాడు.

బజర్ అందుకుంది. ఆ అడవిలో, ఆగిపోయిన బండిలో, అవసరం తీరిపోయాక, గొంతు చించుకుని అరిచింది.

"ఏటా సప్పుడు?" అని లోపల్నుంచి నానమ్మ అడిగింది.

"నాను వైరు పెట్టడం మర్సిపోనాను," అన్నాడు తాతయ్య.

చిన్నాన్న తండ్రిని ఎప్పుడూ అనని మాటలన్నీ అక్కడ అన్నాడు. ఊరందరికీ పద్ధతులు నేర్పే మనిషివి, నీకే పద్ధతి లేదా అన్నాడు. తాతయ్య తల వంచుకుని విన్నాడు. ప్రతిదానికీ ఒక జోకు తయారుగా ఉండే నాకు "నేనే" అనే రెండక్షరాలు దొరకలేదు.

లారీ ఒకటి మమ్మల్ని లాక్కెళ్లి, పొద్దుపోయాక ఒక పట్నంలో వదిలింది. మర్నాడు వేరే బండిలో నానమ్మను తీసుకెళ్లాం. మేం చేరేసరికి ఆమె చెల్లెలు పోయి రెండు గంటలైంది. "అక్క వచ్చిందా" అని మూడుసార్లు అడిగిందని అక్కడివాళ్లు చెప్పారు. నానమ్మ ఏడవలేదు. చెల్లెలి చెయ్యి పట్టుకుని, వచ్చేశానని ఒక్కసారి చెప్పింది.

కర్మ అయ్యాక, బాగుచేయించిన వ్యాన్‌లో తిరిగి బయల్దేరాం. ఇక నన్ను బానెట్ ఛాయలకి కూడా రానివ్వరనుకుని వెనక పడక మీద నక్కాను. తాతయ్య పేరు పెట్టి పిలిచి బానెట్ వైపు చూపించాడు. తనెక్కి సీట్లో కూర్చున్నాడు.

"నీళ్లు?"

నేను గీత చూశాను. వాషర్ కింద వేలితో తడిమాను. క్లిప్పును లాగి చూశాను. మళ్లీ గీత చూశాను. "నీళ్లున్నాయ్ తాతయ్యా," అన్నాను.

ఆయన దిగలేదు. వంగి కూడా చూడలేదు. "నీళ్లున్నాయ్," అన్నాడు, ఆ మొదటి రోజు అన్నంత నమ్మకంగా. నన్ను కొట్టి ఉంటే నాలుగు రోజుల్లో మరిచిపోయేవాణ్ని.

ఇప్పుడు గుఢియారీలో నాకొక చిన్న షెడ్డుంది. పడకల వ్యాన్లు చేయించుకునేవాళ్లు వస్తారు. ఈ సెన్సార్లు నేనే బిగిస్తాను. బిగించాక ఒంటరిగా ఉన్నా సరే, కళ్లతో చూసి, నీళ్లున్నాయ్ అని గట్టిగా అంటాను. పనివాళ్లు నవ్వుతారు. తిరిగి అనే గొంతు కోసం నేను ఒక్క క్షణం ఆగుతానని వాళ్లకి తెలియదు.

తాతయ్య పోయిన ఏడాదికి, నిజం నానమ్మకి చెప్పేశాను. అప్పటికి ఆ ప్రయాణం జరిగి పన్నెండేళ్లైంది. ఆవిడ మంచం మీద చిక్కుడుకాయలు తుంచుతోంది. నేను ఏడుస్తూ చెబుతుంటే చెయ్యి ఆపకుండా విన్నది. ఆఖరికి తలెత్తింది.

"నీళ్లు సూడకుండా మీ తాత చెంబు కూడా ఎత్తడురా. ఆయన మర్సిపోనాడంటే నాను నమ్మీనాననుకున్నావేటి? డబ్బాలో నీళ్లు తగ్గితే ఆ యంత్రం అప్పుడే అరుస్తాది. నువ్వరవడానికి పన్నెండేళ్లు పట్టిందేటిరా?"