బోర్లా పడుకుని చూపిన డాక్టరు

మా పెద్ద డాక్టరుగారు పోయారని నిన్న పొద్దున వనపర్తి నుంచి ఫోనొచ్చింది. నర్సుగా నాకు పని నేర్పింది ఆయనే. కోపం ముక్కు మీదే ఉండేది. వెంటిలేటరు అలారం మోగగానే దాని దగ్గరికి పరుగెత్తితే గద్దించేవారు: "మిషన్ తర్వాత. ముందుగాల పేషెంటు రొమ్ము చూడు, ఎట్ల లేస్తుందో."

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ల మాట. గద్వాల నుంచి చీరలు నేసే ఒకతన్ని మా దవాఖానకు తెచ్చారు. న్యుమోనియా ముదిరి రెండు ఊపిరితిత్తులూ దెబ్బతిన్నాయి. ఉన్న ఒక్క వెంటిలేటరూ పెట్టాం. అయినా ఒంట్లో ఆక్సిజన్ పెరగలేదు. ఒక్కో శ్వాసకు ఇంకా ఎక్కువ గాలి ఎక్కిద్దామని జూనియర్ డాక్టరు పట్టుబట్టారు. అప్పటిదాకా చాలాచోట్ల పద్ధతి అదే. పెద్దాయన ససేమిరా అన్నారు.

"లోపల బాగున్న జాగ జరంతనే మిగిలింది. బలంగ ఊదితే అది గూడ పలుగుతది. కొంచెం కొంచెమే ఇద్దాం. బోర్ల పండవెడ్దాం."

అలా తిప్పితే వీపువైపు మూసుకున్న భాగం తెరుచుకుంటుందని ఆయన ధీమా. కానీ పేషెంటు భార్య మంచానికి అడ్డం నిలబడింది.

"బోర్ల పండితే మంచిగాదంటరు సారూ! ఊపిరాడక సస్తడు!"

ఆ రోజు మాత్రం ఆయనకు కోపం రాలేదు.

"ఇంట్ల నువ్వేం జేస్తవమ్మా?"

"మగ్గానికి నూలు కండెలు సుడ్త సారూ."

"సిక్కువడ్డ పోగును గట్టిగ గుంజుతవా?"

"గుంజితే తెగుతది గద!"

"నేను గూడ గందుకే గుంజుత లేను."

అని, పక్కనున్న ఖాళీ మంచం మీద తానే బోర్లా పడుకున్నారు. అంత పెద్ద మనిషి, కాళ్లకు చెప్పులతోనే! "చూడు, సస్తున్ననా?" అని తల తిప్పి అడిగారు. ఏడుస్తున్న ఆమె ఫక్కున నవ్వేసింది, పక్కకు జరిగింది.

గొంతులోని గొట్టం కదలకుండా నలుగురం పట్టుకుని తిప్పాం. సాయంత్రానికి ఆక్సిజన్ పెరిగింది. కొన్ని వారాలకు అతను నడిచి ఇంటికి పోయాడు. ఎంత పెద్ద కేసు వచ్చినా తొణక్కుండా పనిచేస్తున్నానంటే అది ఆయన పెట్టిన భిక్షే.

కబురందగానే వనపర్తి వెళ్లాను. ఆయన్ను వసారాలో పడుకోబెట్టారు. అలవాటు కొద్దీ ముందుగా రొమ్మువైపే చూశాను. లేవలేదు. నా పక్కన, గద్వాల నుంచి వచ్చిన ఆ నేతగాడి రొమ్ము మాత్రం వెక్కిళ్లతో ఎగిసిపడుతోంది.